అతి పెద్ద అంకె: ఎంత, ఎక్కడ?



ఇల్లు కట్టించినవాళ్లకీ, కడుతున్న ఇంటి ముందు నిలబడి చూసినవాళ్లకీ ఇనుప చువ్వ కొత్త వస్తువు కాదు. దాని ఒంటి మీద 500డి అన్న గుర్తు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కొనేటప్పుడు 500 సంగతి అందరూ అడుగుతారు. ఆ పక్కనున్న డి అక్షరం సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఆ అక్షరం వెనక ఒక పరీక్ష ఉంది, ఆ పరీక్ష వెనక ఒక అంకెల వరుస ఉంది. ఆ వరుసలో అతి పెద్ద అంకెను కంప్యూటరు చేత ఎలా వెతికించాలి, వెతికించాక ఆ అంకెను ఏ మేరకు నమ్మాలి అన్నది ఈ రోజు మన మాట.

నేను ఉండేది జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో. మనవాళ్లు ఇప్పటికీ టాటా అని పిలుచుకునే ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా బర్మామైన్స్‌లోనే నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ ఉంది. ఊళ్లో అందరూ ఎన్ఎంఎల్ అంటారు. 1946 నవంబరు 21న రాజాజీ దానికి శంకుస్థాపన చేశారు. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించారు. లోహాన్ని లాగి, వంచి, కాల్చి, ఎక్స్‌రేల కింద పెట్టి దాని గుణం తేల్చడం అక్కడి పని. తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. కృష్ణా జిల్లా కవుతరంలో పుట్టిన పాచ రామచంద్రరావు గారు 1992 నుంచి 2002 దాకా ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. ఆ తరువాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన ప్రస్తావన కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ముందు చువ్వ దగ్గరికి వద్దాం. పరీక్ష చేసే యంత్రాన్ని యూటీఎం అంటారు. చువ్వ ముక్కను పైనా కిందా దవడల్లో బిగించి లాగుతుంది. లాగుతున్నంతసేపూ రెండు అంకెలు నమోదవుతుంటాయి. ఒకటి, ఎంత బలంతో లాగుతున్నాం. రెండు, చువ్వ ఎంత శాతం సాగింది. మొదట బలం చకచకా పెరుగుతుంది. ఒక దశ దాటాక చువ్వ లొంగడం మొదలవుతుంది. ఆ తరువాత కూడా బలం పెరుగుతుంది కానీ మెల్లగా. చివరికి ఒక శిఖరం వస్తుంది. అక్కడి నుంచి చువ్వ ఒకే చోట సన్నబడిపోతుంది. బలం తగ్గుముఖం పట్టి, చువ్వ ఠప్పున తెగుతుంది.

ఆ శిఖరమే మనకు కావలసిన అతి పెద్ద విలువ. దాన్ని చువ్వ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే ఆ ఉక్కు తట్టుకోగల గరిష్ఠ బలం వస్తుంది. 500డి రకానికి అది చదరపు మిల్లీమీటరుకు 565 న్యూటన్లకు తగ్గకూడదని ఐఎస్ 1786 ప్రమాణం చెబుతుంది. లొంగిన దశలోని బలం కంటే అది కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలని కూడా చెబుతుంది.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. ఇలాంటి అంకెల వరుసను ప్రోగ్రామర్లు అర్రే అంటారు. అర్రేలతో లెక్కలు చేయడానికే పుట్టిన భాషలు కొన్ని ఉన్నాయి. వాటిలో పేరు పొందినది మ్యాట్‌ల్యాబ్. 1970ల చివర్లో అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ అనే ఆచార్యుడు, తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ రాసే బాధ లేకుండా లెక్కలు చేసుకోవాలని దాన్ని తయారుచేశాడు. అదే తీరులో రాసుకోగలిగి, పైసా ఖర్చు లేకుండా దొరికేది ఆక్టేవ్. 1992లో జాన్ ఈటన్ దాని పని పూర్తిస్థాయిలో మొదలుపెట్టాడు. తనకు చదువు చెప్పిన కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరే దానికి పెట్టుకున్నాడు. పైథాన్‌లో నమ్‌పై ఉంది, తరువాత వచ్చిన జూలియా ఉంది. నేను ఎక్కువగా ఆక్టేవ్ మాటల్లోనే చెబుతాను. మన పిల్లలు ఎవరైనా ఈ రాత్రే ఎక్కించుకుని చేసి చూడవచ్చు కనుక.

అతి పెద్ద విలువ కావాలంటే మాక్స్ అని రాసి, బ్రాకెట్లలో అర్రే పేరు రాస్తే చాలు. లోపల జరిగేది ఇంత. కంప్యూటరు మొదటి అంకెను చేతిలో పట్టుకుంటుంది. రెండోది దానికంటే పెద్దదా? అయితే పాతది వదిలి కొత్తది పట్టుకుంటుంది. కాకపోతే ముందుకు వెళుతుంది. బడి పిల్లలను వరుసగా నిలబెట్టి, ఇప్పటిదాకా చూసినవాళ్లలో పొడుగు పిల్లవాడి పక్కన ఒక్కొక్కరినీ నిలబెట్టి చూసినట్టు. వెయ్యి అంకెలుంటే 999 పోలికలు. అంతకంటే తక్కువతో పని జరగదు. ఎందుకంటే ఒక అంకె పెద్దది కాదని తేలాలంటే అది ఒక్కసారైనా ఓడిపోవాలి.

ఇందులో ఒక చక్కని లెక్క దాగి ఉంది. అంకెలు ఏ క్రమమూ లేకుండా కలగాపులగంగా ఉంటే, చేతిలోని అంకె ఎన్నిసార్లు మారుతుంది? వెయ్యి అంకెలకు సగటున ఆరేడు సార్లే. పది లక్షల అంకెలున్నా సగటున 13 సార్లు మారుతుంది, అంతే. మొదట్లో గబగబా మారి, పోనుపోను కొత్త రికార్డు అరుదైపోతుంది. కానీ మన చువ్వ వరుస కలగాపులగం కాదు. బలం పెరుగుతూనే పోతుంది కాబట్టి శిఖరం దాకా దాదాపు అడుగడుగునా మారుతుంది. అంకెల స్వభావం తెలిస్తే లెక్క స్వభావం తెలుస్తుంది.

సరే, శిఖరం ఎత్తు తెలిసింది. పని అయిపోయిందా? సగమే అయింది. మిగతా సగం ఆ డి అక్షరంలో ఉంది.

డి అంటే సాగే గుణం. భూకంపం వచ్చినప్పుడు కట్టడం ఊగుతుంది. చువ్వ పుటుక్కున తెగకుండా సాగి నిలబడాలి. అందుకని ఐఎస్ 1786 ఇంకో షరతు పెట్టింది. బలం శిఖరానికి చేరిన ఆ క్షణానికి చువ్వ కనీసం 5 శాతం సాగి ఉండాలి. ఆ క్షణమే ఎందుకు? శిఖరం దాకా చువ్వ పొడవంతా సమంగా సాగుతుంది. శిఖరం దాటాక సాగుడంతా సన్నబడ్డ ఆ ఒక్క చోటే పోగవుతుంది. కట్టడానికి అక్కరకు వచ్చేది సమంగా సాగిన సాగుడే.

కనుక మనం అడగవలసినవి రెండు. బలం వరుసలో అతి పెద్దది ఎంత? అది వరుసలో ఎన్నో చోట ఉంది? ఆ చోటు తెలిస్తే, సాగుడు వరుసలో అదే చోటికి వెళ్లి అక్కడి శాతం చదువుతాం. ఆక్టేవ్‌లో దీనికి విడిగా కష్టపడనక్కరలేదు. ఎడమవైపు రెండు పేర్లు రాసి మాక్స్‌ను పిలిస్తే మొదటి పేరులో విలువ, రెండో పేరులో దాని చోటు వచ్చి కూర్చుంటాయి. జూలియాలో ఈ పనికి ఫైండ్‌మాక్స్ ఉంది. నమ్‌పైలో ఆర్గ్‌మాక్స్ చోటు చెబుతుంది. ఒక్క జాగ్రత్త: ఆక్టేవ్, జూలియా ఒకటి నుంచి లెక్కపెడతాయి, పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఒక దాని చోటు తెచ్చి ఇంకో దానిలో వాడితే పక్క గడిలోని అంకె చేతికొస్తుంది. చాలాసార్లు ఏ హెచ్చరికా రాదు.

ఒక చిన్న వరుస చెబుతాను, కాగితం దగ్గరుంటే రాసుకోండి. ఉదాహరణ కోసం నేను కల్పించిన అంకెలివి. 12 మిల్లీమీటర్ల చువ్వ మీద బలం, కిలోన్యూటన్లలో: 0, 20.4, 41.1, 58.9, 63.2, 66.8, 68.5, 68.5, 68.5, 64, 57.3. మొత్తం 11 అంకెలు. మాక్స్ అడిగితే 68.5 అంటుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ వైశాల్యం 113.1 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 606 న్యూటన్లు. 565 దాటింది, బాగుంది.

మరి చోటు? 68.5 మూడు చోట్ల ఉంది: ఏడు, ఎనిమిది, తొమ్మిది. సమానమైన అంకెలు ఎదురైతే ఆక్టేవ్ మొదటి చోటే చెబుతుంది, అంటే ఏడు. ఆ మూడు చోట్లా సాగుడు శాతం 4.7, 5.2, 5.7 అనుకోండి. ఏడో చోట 4.7. షరతు 5. చువ్వ తప్పింది!

తప్పిందా నిజంగా? శిఖరం మొన తేలినట్టుగా కాక పీఠభూమిలా చదునుగా ఉంటే ఏం చేయాలో తన్యతా పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6892 ముందే చెప్పింది. చదును భాగానికి సరిగ్గా నడిమధ్యన ఉన్న సాగుడు తీసుకోమంది. నడుమ ఉన్నది ఎనిమిదో చోటు. అక్కడ సాగుడు 5.2. చువ్వ నెగ్గింది.

చూశారా, బలం అంకె మారలేదు, చువ్వ మారలేదు, మాక్స్ కూడా అబద్ధం చెప్పలేదు. తనను అడిగినదానికే జవాబిచ్చింది. అడగవలసినది మనం అడగలేదు. ఇలాంటప్పుడు ఫైండ్ అనే ఆదేశంతో, మాక్స్‌కు సమానమైన అంకెలు ఏయే చోట్ల ఉన్నాయో అన్నీ తెప్పించుకుని వాటి మధ్యది తీసుకోవాలి. ఒక్క వాక్యం అదనంగా రాయాలి, అంతే. ఆ వాక్యం రాయాలని తోచడానికి మాత్రం భాష వస్తే చాలదు, చువ్వ సంగతీ తెలియాలి.

ఇంకో మెలిక ఉంది. మెత్తని ఉక్కును లాగినప్పుడు, లొంగేచోట బలం ఒకసారి చిన్న మొనలా లేచి కిందికి జారి, తరువాత మళ్లీ పెరుగుతుంది. కొన్ని ఉక్కుల్లో ఆ తొలి మొనే తరువాతి శిఖరం కంటే ఎత్తుగా ఉండవచ్చు. అప్పుడు వరుస మొత్తంలో మాక్స్ అడిగితే అది తొలి మొననే చూపిస్తుంది. ఇలాంటి ఉక్కు విషయంలో ఐఎస్ఓ 6892, లొంగుడు ముగిసి గట్టిపడడం మొదలైన తరువాతి భాగంలోనే గరిష్ఠాన్ని వెతకమంటుంది. అంటే వెతికే ముందు ఏ భాగంలో వెతకాలో గిరి గీసుకోవాలి.

ఒక్క చువ్వతో పని తీరదు కదా. పది చువ్వల బలాలను పది నిలువు వరుసలుగా ఒకే పట్టికలో పెట్టామనుకోండి. ఆక్టేవ్‌లో మాక్స్ అడిగితే ఒక్కో నిలువు వరుసకు ఒక్కో గరిష్ఠం, మొత్తం పది జవాబులు వస్తాయి. అడ్డు వరుసల్లో కావాలంటే దిక్కు రెండు అని చెప్పాలి. పట్టిక మొత్తంలో ఒకటే కావాలంటే ముందు దాన్ని ఒకే వరుసగా పరిచి అడగాలి. ఇక్కడ గుట్టుగా దెబ్బతీసే సంగతి ఒకటి ఉంది. ఏదో కారణాన ఒకనాడు ఫైలులో ఒకే ఒక్క అడ్డు వరుస వచ్చిందనుకోండి. ఆక్టేవ్ దాన్ని పట్టిక అనుకోదు, వరుస అనుకుంటుంది. పది జవాబులకు బదులు ఒక్కటే ఇస్తుంది. రోజూ నడిచే ప్రోగ్రాం ఆ ఒక్క రోజు తప్పు చెబుతుంది. కనుక దిక్కు ఒకటి అని ప్రతిసారీ తేటగా రాయడం మంచి అలవాటు.

ఇక నమోదు కాని అంకెల సంగతి. తీగ వదులై ఒక క్షణం కొలత అందలేదు. ఆ ఖాళీలో కొందరు 9999 అని పెడతారు. మాక్స్‌కు అది ఖాళీ అని తెలియదు, 9999 తెచ్చి మీ చేతిలో పెడుతుంది. అలా కాకుండా న్యాన్ అనే గుర్తు పెట్టడం పద్ధతి. అది అంకె కాదు అని చెప్పడానికే ఆ గుర్తు పుట్టింది. ఆక్టేవ్, మ్యాట్‌ల్యాబ్ న్యాన్‌ను పక్కనపెట్టి మిగతావాటిలో పెద్దది చెబుతాయి. నమ్‌పైలో మామూలు మాక్స్, జూలియాలో మాక్సిమమ్ మాత్రం ఒక్క న్యాన్ ఉన్నా జవాబుగా న్యాన్‌నే ఇస్తాయి. నమ్‌పైలో దాన్ని వదిలేసి వెతకాలంటే న్యాన్‌మాక్స్ వాడాలి. పోయిన కొలతను పట్టించుకోకపోవడం ఒక పద్ధతి, కొలత పోయిందని గట్టిగా చెప్పడం ఇంకో పద్ధతి. రెండింటికీ అర్థముంది. మీ చేతిలోని భాష ఏది చేస్తుందో తెలియకపోవడమే ప్రమాదం.

ఇంతసేపూ ఒక్క పెద్ద అంకెనే వెతికాం. పెద్దవి మూడు కావాలంటే? ఇక్కడే రామచంద్రరావు గారి శాస్త్రం గుర్తుకొస్తుంది. లోహం లోపల పరమాణువులు ఎలా పేర్చుకున్నాయన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. కరిగిన లోహాన్ని మెరుపు వేగంతో చల్లార్చితే పరమాణువులు ఏ రూపం దాలుస్తాయో ఆయన పరిశోధించారు. మామూలు స్ఫటికాల నియమానికి లొంగని క్వాజీ స్ఫటికాలను డాన్ షెక్ట్‌మన్ బృందం 1984లో లోకానికి చాటింది. ఆ మరుసటి ఏడాదే, అలాంటివాటిని తయారుచేయడానికి దారి చూపే పరిశోధన పత్రాన్ని రామచంద్రరావు గారు జి.వి.ఎస్. శాస్త్రి గారితో కలిసి ప్రచురించారు. షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

పరమాణువుల అమరికను చూపించే సాధనాల్లో ముఖ్యమైనది ఎక్స్‌రే వివర్తనం. నమూనా మీద ఎక్స్‌రేలు పడతాయి. కోణం మారుతున్నకొద్దీ తిరిగొచ్చే కిరణాల తీవ్రతను కొలుస్తారు. కొన్ని కోణాల దగ్గర తీవ్రత శిఖరంలా లేస్తుంది. ఆ శిఖరాలే ఆ పదార్థపు వేలిముద్ర. 1938లో హానవాల్ట్, ఆయన సహచరులు ఒక సులువు కనిపెట్టారు. అన్నింటికంటే బలమైన మూడు రేఖలు చెబితే చాలు, సూచికలో వెతికి పదార్థం పేరు చెప్పేయవచ్చు. మామూలు ఇనుముకు, రాగి ఎక్స్‌రే గొట్టంతో, ఆ శిఖరాలు సుమారు 44.7, 65, 82.3 డిగ్రీల దగ్గర వస్తాయి. పొడి నమూనాలో మొదటిదాని బలం 100 అనుకుంటే రెండోది 20, మూడోది 30. అంటే వరుసలో మూడోది బలంలో రెండోది.

20 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా, 0.02 డిగ్రీకి ఒక కొలత చొప్పున తీస్తే 4001 అంకెలు. ఇందులో పెద్దవి మూడు కావాలి. తోచే ఉపాయం ఏమిటి? పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేసి మొదటి మూడూ తీసుకోవడం. మూడూ వస్తాయి. మూడూ 44.7 డిగ్రీల దగ్గరివే! పెద్ద శిఖరం కొన మీద పక్కపక్కనే ఉన్న మూడు అంకెలు అవి. పెద్ద విలువలు మూడు వేరు, పెద్ద శిఖరాలు మూడు వేరు. శిఖరమంటే రెండు పక్కలవాటి కంటే ఎత్తుగా ఉన్నది. శిఖరాలనే వెతకడానికి ఆక్టేవ్ సిగ్నల్ ప్యాకేజీలో ఫైండ్‌పీక్స్ ఉంది. శిఖరానికీ శిఖరానికీ కనీసం ఎంత దూరం ఉండాలి, ఎంత ఎత్తుకు తక్కువైతే లెక్కలోకి రాదు అని దానికి ముందే చెప్పవచ్చు. అలా చెప్పకపోతే అడుగున ఉన్న ప్రతి చిన్న వణుకూ శిఖరమే అవుతుంది.

రెండో స్థానం ఎవరిదన్న చిక్కు కంప్యూటర్ల కంటే పాతది. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కెరోల్ ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు. 1883లో ఆయన టెన్నిస్ పోటీల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఓడినవాళ్లను ఇంటికి పంపేసే పోటీలో, ఫైనల్లో ఓడినవాడికి రెండో బహుమతి ఇవ్వడం న్యాయం కాదన్నాడు. నిజంగా రెండో గొప్ప ఆటగాడు మొదటి ఆటలోనే విజేత చేతిలో ఓడి ఉండవచ్చు కదా. ఎనిమిది మంది ఆడితే విజేతను తేల్చడానికి ఏడు ఆటలు. రెండోవాడు, విజేత చేతిలో నేరుగా ఓడిన ముగ్గురిలో ఒకడై ఉండి తీరాలి. వాళ్లకు రెండు ఆటలు పెడితే తేలిపోతుంది. మొత్తం తొమ్మిది ఆటలు. విజేతను పక్కనపెట్టి మిగతా ఏడుగురినీ మొదటినుంచీ మళ్లీ ఆడిస్తే మొత్తం 13 అయ్యేవి. ఎవరు ఎవరి చేతిలో ఓడారో గుర్తుంచుకోవడం వల్లే ఆ ఆదా. ఇక్కడా విలువ ఒక్కటే చాలలేదు, అది వచ్చిన దారీ కావలసివచ్చింది.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇదే. మాక్స్ అని రాసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏ భాగంలో వెతుకుతున్నాను? నాకు విలువ కావాలా, చోటు కావాలా, రెండూనా? సమానమైనవి ఎదురైతే ఏది నాది? పోయిన కొలతలు ఏ వేషంలో ఉన్నాయి? ఆ తరువాత ఒక్కసారి గ్రాఫు గీసి, వచ్చిన శిఖరం మీద చుక్క పెట్టి కళ్లతో చూడండి. కరెంటు ఒక్క క్షణం ఎగిరిపడడం వల్ల వచ్చిన ఒంటరి ముల్లును మాక్స్ పట్టుకుందో, నిజమైన శిఖరాన్నే పట్టుకుందో మీ కన్ను ఇట్టే చెబుతుంది. సగటు ఒక్క తప్పు అంకెకు కొంచెమే కదులుతుంది. గరిష్ఠం మాత్రం ఆ ఒక్క తప్పు అంకే అయి కూర్చుంటుంది. అందుకే దీనికి ఇంత కాపలా.

ఆక్టేవ్ ఉచితం. మామూలు లాప్‌టాప్ చాలు. నేను చెప్పిన పదకొండు అంకెలతో మొదలుపెట్టి, ఏడో చోటుకీ ఎనిమిదో చోటుకీ మధ్య తీర్పు ఎలా మారుతుందో మీ చేత్తో మీరు చేసి చూడండి. రేపు మీలో ఎవరో ఒకరు ఏదో ఒక ప్రయోగశాలలో ఒక రిపోర్టు కింద సంతకం పెడతారు. ఆ చువ్వ వెళ్లి ఎవరి ఇంటి స్లాబులోనో చేరుతుంది. ఆ ఇంట్లో పడుకునేవాళ్లకు మాక్స్ గురించి తెలియనవసరం లేదు. సంతకం పెట్టేవాళ్లకు పూర్తిగా తెలిసి ఉండాలి.